కడుపులోని బట్ట

"కారు తాళం ఇలా ఇవ్వవే, నబతంజీ."

ఆడబిడ్డ నంబోజె అలా అడగడం అది నాలుగోసారి. గొంతు పెంచలేదు. చాపిన చెయ్యి దించలేదు. అరవై ఏడేళ్ళ మనిషి, ఎండిన చెరుకుగడలా సన్నగా ఉంటుంది. అయినా ఆమె గడపకి అడ్డంగా నిలబడితే వెలుతురు కూడా అడిగి లోపలికి రావాల్సిందే.

నబతంజి తాళాన్ని గుప్పిట్లో బిగించింది. దాని పళ్ళు అరచేతిలో దిగబడ్డాయి.

"ఇవ్వను వదినా. ఇవాళ ఈ కారు కదిలితే ఆస్పత్రికే. ఊరికి కాదు."

"ఆస్పత్రి నుంచే కదే నిన్న సాయంత్రం వచ్చాడు! నా పూచీ నాదేనని కాగితం మీద సంతకం గీకి, తన కాళ్ళమీద తను నడిచి వచ్చాడు. పోయేవాడు అలా నడుస్తాడా?"

"నడుస్తాడనే చెప్పింది డాక్టరమ్మ. ఆఖరి నిమిషం దాకా నడుస్తాడంది."

 వంటింట్లో అరిటాకుల మూటలో మటోకె అరటికాయలు ఉడుకుతున్న గుసగుస ఒక్కటే వినిపించింది.

గదిలోంచి నబతంజి మొగుడు కియింగి వచ్చాడు. పాదాల దాకా జారే తెల్ల అంగీ తొడుక్కుని మెడ దగ్గర బొత్తాం పెట్టుకుంటున్నాడు. పెళ్ళికైనా చావుకైనా బుగాండా మగవాడు వేసుకునే అంగీ అది. పెళ్ళెక్కడా లేదు.

"మీ ఇద్దరూ నన్ను చెరిసగం పంచుకోవడం అయ్యాక పిలవండి. ఈలోపు నేను టీ తాగుతాను," అన్నాడు నవ్వుతూ.

నబతంజి భయమంతా ఆ నవ్వులోనే ఉంది.

పది రోజుల కిందట తన దుకాణంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే బేసిన్ నిండా రక్తం కక్కాడు. ఒక మనిషిలో అంత రక్తం ఉంటుందని అంతవరకూ ఆమెకు తెలియదు. ఆ తరవాత ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. మర్నాటికల్లా ఆకలేసింది. మొహంలో రంగు తిరిగింది. వార్డులో పక్కమంచాల వాళ్ళని నవ్వించి నర్సులచేత చీవాట్లు తిన్నాడు. అతను ఎంత కులాసాగా ఉంటే ఆమెకు అంత వణుకు. నిన్న సాయంత్రం నుంచీ ఈ ఇంట్లో అతను గుటక వేస్తే చాలు, చెంచా పట్టుకున్న ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోతోంది. అతను దగ్గితే గోడమీద బల్లి కూడా కదలడం మానేస్తున్నట్టుంది.

"తమ్ముడూ, నీ పెళ్ళాం దగ్గర తాళం నువ్వే తీసుకో," అంది నంబోజె. "మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఉంటాం. సమాధి మీద బట్ట పరిచి, నాలుగు మాటలు చెప్పుకుని, పొద్దు వాలకముందే తిరిగొచ్చేస్తాం. ఆపరేషను రేపే కదా! రేపు కోయించుకో, ఎవరొద్దన్నారు?"

వాకిట్లో కారు తలుపు తెరిచే ఉంది. వెనక సీట్లో బెరడు బట్ట చుట్ట నిలువుగా ఆనించి ఉంది, మనిషిని కూర్చోబెట్టినట్టు. ఇటుకరంగు బట్ట. కియింగి చేతిమీద తయారైన వాటిల్లోకెల్లా మెత్తనిది. అతని తాత ముత్తాతలంతా చెట్టు బెరడు వలిచి, కొయ్య సుత్తులతో కొట్టి, పలచటి బట్టగా సాగదీసినవాళ్ళే. ఆ ప్రాంతంలో ఎవరు పోయినా నలుగురూ తెచ్చే అలాంటి బట్టల్లో చుట్టే మట్టిలో దించుతారు. ఎనిమిదేళ్ళ కిందట కియింగి అన్న సెకిద్దె పోయినప్పుడు ముప్ఫై మంది ముప్ఫై బట్టలు తెచ్చారు. తెచ్చినవాళ్ళలో బట్ట చేసేవాడు మాత్రం లేడు.

అప్పుడతను ఆస్పత్రిలో ఉన్నాడు. గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం కడుపులో ఉబ్బి బుడగ కట్టిందని, ఉబ్బిన ముక్క తీసేసి దాని చోట గుడ్డతో అల్లిన గొట్టం కుట్టారు. అన్న పోయిన సంగతి నలభై రోజులపాటు నబతంజి అతనికి చెప్పలేదు.

"వాడు చలికి వణుకుతున్నాడే," అంది నంబోజె. ఇప్పుడు మాత్రం ఆమె గొంతు మారింది. "ముప్ఫై బట్టలు కప్పినా తమ్ముడి బట్ట లేకపోతే వాడికి చలే. నాకు తెలుసు. ఎలా తెలుసని అడక్కు. ఇంకో మాట చెప్పనా? బట్ట చుట్టేది పోయినవాళ్ళకి. వీళ్ళు బతికున్న మనిషి లోపల బట్ట పెట్టి కుట్టారు. లోపల శవం బట్ట, పైన మనిషి! ఎనిమిదేళ్ళు ఊరుకున్నదే ఎక్కువ. ఇప్పుడు ఎవరి బట్ట వాళ్ళు అడుగుతున్నారు."

"వదినా, చదువుకోని మాటలు..."

"ఆ, నువ్వు బడిపంతులమ్మవి. మాకేం తెలుసు! నలభై రోజులు చావు దాచడం కూడా ఏ పుస్తకంలో చదివావో!"

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఈ ఆడపడుచు మొగుడి తరఫున అక్కసంతా తనే మోస్తోంది.  ఆ విషయం వచ్చినప్పుడు నబతంజి ఏనాడూ జవాబు చెప్పలేదు.

బల్లమీద ఫోను మోగింది. డాక్టరమ్మ, లామును అనే ఆవిడ. అందరికీ వినపడేలా పెట్టమని కియింగే సైగ చేశాడు.

"కియింగి గారూ, మీ మంచం ఖాళీగా ఉంది. మీరు లేకపోతే వార్డులో జోకులు చెప్పేవాళ్ళు లేరట. ఎప్పుడొస్తారు?" నైలుకి అవతలి ఉత్తరాది మనిషి. ఇక్కడి లుగాండా మాటల్ని ఒక్కొక్కటీ తూచి వేస్తుంది.

"నైలు దాటొచ్చిన పిల్ల మనకి చెబుతోంది," అని గొణిగింది నంబోజె.

"వస్తాను డాక్టరమ్మా, సాయంత్రానికి. చిన్న పని ఉంది ఊళ్ళో. ఇప్పుడు నేను బాగానే ఉన్నాను కదా!"



"మీ బుగాండా రాజుగారు వచ్చేముందు కేకలేసుకుంటూ ఒకడు పరుగెత్తుకొస్తాడు కదా. పది రోజుల కిందట మీరు కక్కింది వాడిని. రాజు ఇంకా రాలేదు. మీ గొట్టం మీద పేగు పడుకుని ఉంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా గొట్టం పేగుని రాస్తూనే ఉంది, ఎనిమిదేళ్ళు. పేగు అరిగి చిల్లు పడింది. పేగులోని మురికి గుడ్డకి పట్టి, కుట్లు కుళ్ళాయి. ఇప్పుడు మీ పెద్ద రక్తనాళానికీ పేగుకీ మధ్య తలుపు లేదు. బొటనవేలంత రక్తపు గడ్డ ఒకటి అడ్డం కూర్చుంది, అంతే. అది ఈ నిమిషంలో ఊడొచ్చు. వారానికి ఊడొచ్చు. గతుకుల దారిలో కారులో ఊడితే నేను కాదు కదా, ఎవరూ ఏం చేయలేరు."

"కోస్తే?" అన్నాడు కియింగి.

"ముందు చంక దగ్గర్నుంచి, చర్మం కిందుగా, రెండు తొడలకీ కొత్త దారి వేస్తాను. కాళ్ళకి రక్తం అటునుంచి వెళ్తుంది. ఆ తరవాత కడుపు తెరిచి కుళ్ళిన గుడ్డ తీసేసి, రక్తనాళం మొండిని కుట్టి మూసి, పేగు చిల్లు కుడతాను."

"అలా కోయించుకున్నవాళ్ళు పదిమంది ఉంటే ఎంతమంది ఇంటికెళ్తారమ్మా?"

"సగం. ఇంకొకరు ఎక్కువో తక్కువో. కోయకపోతే ఒక్కరు కూడా వెళ్ళరు. అబద్ధం చెప్పడం నాకు రాదు."

అవతల ఫోను పెట్టేసింది. పొద్దున తొమ్మిది గంటల ఎండ గచ్చుమీద పరుచుకుని ఉంది. కియింగి టీ గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి దించేశాడు.

"టీలో ఇనుప మేకులు ఉడకేశావేంటే? అదేదో రుచి."



అతను పెరటి గుమ్మం వైపు చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ కళ్ళు చికిలించాడు.

"ఆ చెట్టు దగ్గర నిలబడ్డదెవరు?"

ఆడవాళ్ళిద్దరూ తిరిగి చూశారు. పెరట్లో అతను పోయిన నెల బెరడు వలిచిన చెట్టుంది. వలిచిన మాను ఎండకి ఎండిపోకుండా మనిషెత్తు వరకూ అరిటాకులు చుట్టి కట్టాడు. ఆ ఆకులు ఎండి గోధుమరంగుకి తిరిగాయి. గాలి లేదు. ఆకులు మాత్రం కొద్దికొద్దిగా కదులుతున్నాయి.

"ఎవరూ లేరండీ. చెట్టు."

"చెట్టు పక్కన," అన్నాడు కియింగి. "లోపలికి రమ్మను. ఎండలో నిలబెట్టడం ఏం మర్యాద?"

నంబోజె మోకాళ్ళమీద కూలబడి నేలకి చేతులు ఆనించింది, పెద్దవాళ్ళెవరో ఇంట్లోకి వస్తే పలకరించేటప్పటిలా. ఆమె పెదాలు కదిలాయి, మాట పైకి రాలేదు.

కియింగి లేచి ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేయబోయి, "నబతంజీ," అన్నాడు చాలా మామూలుగా, గ్లాసు అందుకోమన్నట్టు. తెల్ల అంగీ ముందు భాగమంతా ఎర్రబడింది.

* * *

అతని అదృష్టం ఏమిటంటే అప్పుడు కూడా రాజు రాలేదు. కేకలేసేవాడే మళ్ళీ వచ్చాడు.

కారు ఆమే నడిపింది. వెనక సీట్లో కియింగి తల అక్క ఒళ్ళో ఉంది. కిందకి దించే వ్యవధి లేక బెరడు బట్ట చుట్టని అతని పక్కనే ఉంచేశారు. అరగంట దారిలో నంబోజె ఒక్కసారే నోరు విప్పింది. "ఆస్పత్రికే పోనీ," అంది. అది ఓడిపోయినవాళ్ళు అనే మాటలా లేదు. ఎవరితోనో గడువు అడిగి తెచ్చుకున్న మనిషి మాటలా ఉంది.

ఆస్పత్రి గుమ్మం దగ్గరికి డాక్టర్ లామును తనే వచ్చింది. పొట్టిగా, బలంగా, చేతులు మోచేతుల దాకా తడితో. నాడి చూసింది, కళ్ళు విప్పి చూసింది.

"రక్తం ఆగింది. ఎంతసేపు ఆగుతుందో నాకు తెలీదు. రక్తపోటు మరీ పెంచకండి, గడ్డ ఊడిపోతుంది," అని నర్సులకి చెప్పి, స్ట్రెచర్ బండి వెంట నడుస్తూనే పాత ఫైలు తిరగేసింది. "మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి పోయారా? అమ్మా నాన్నా, తోబుట్టువులూ?"

"మా పెద్ద తమ్ముడు," అంది నంబోజె. "వీడికి మొదటి ఆపరేషను అయినప్పుడు రక్తం ఇవ్వడానికి వచ్చాడు. ఇచ్చి ఊరెళ్ళాడు. మూడో రోజు కాఫీ తోటలో నడుం నొప్పని కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. వాడి రక్తం వీడికిచ్చి వాడు ఖాళీ అయిపోయాడని ఊరంతా అన్నారు."

డాక్టరమ్మ నడక ఆగింది. ఫైల్లో ఒక కాగితం మీద వేలు పెట్టింది. ఆ కాగితం మీద ఏముందో నబతంజికి తెలుసు. ఎనిమిదేళ్ళుగా నిద్రలో కూడా ఆ కాగితాన్ని మడిచి దాచుకుంటూనే ఉంది.

"ఆయనకీ ఇదే జబ్బు. లోపల పగిలింది," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "రక్తం ఇచ్చినందుకు కాదు. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. అప్పటి డాక్టరు రాశారే ఇక్కడ. 'తోబుట్టువులకి కడుపు స్కానింగ్ తప్పకుండా తీయించాలి. భార్యకి చెప్పడమైనది.'"

చదివాక గానీ తానేం చదివిందో ఆమెకి అర్థం కాలేదు. తలెత్తి నబతంజిని చూసింది.

నడవలో ఎవరో బకెట్ జరిపిన చప్పుడు. 

నంబోజె మెడ చాలా మెల్లగా తిరిగింది. "చెప్పారా? నీకు?"

"ఆ రోజే చెప్పారు," అంది నబతంజి. ఆమె గొంతు ఆమెకే ఎక్కడో గోడ అవతల వినిపించింది. "బావగారు రక్తం ఇచ్చి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. రొట్టె తింటూ నన్ను నవ్వించారు. మూడు రోజులుగా నేను నవ్వలేదు వదినా. అప్పుడే రక్తం ఇచ్చి వచ్చిన మనిషికి, నీకూ ఇదే ఉండొచ్చని ఎలా చెప్పను? ఈయన కళ్ళు తెరిచాక చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఒక్క రోజే కదా అనుకున్నాను."

 బండిమీద కియింగి కళ్ళు తెరిచే ఉన్నాయి. విన్నాడు. పెళ్ళాం వైపు చూడలేదు, అక్క వైపూ చూడలేదు. పైకప్పు వైపు చూస్తూ, "పదండి డాక్టరమ్మా, ఆలస్యం చేయకండి," అన్నాడు.

తలుపులు మూసుకున్నాయి.

* * *

ఆ బెంచీ మీద ఎనిమిది గంటలు.

ఇద్దరి మధ్యా మూరెడు జాగా. నంబోజె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నబతంజి బతికి బట్టకట్టేది. బడి నుంచి తోటి టీచర్లు ఆరుగురు వచ్చి రక్తం ఇచ్చి, చేతికి దూది అంటించుకుని తిరిగి వెళ్ళారు. ఎవరో వేరుశనగ పులుసు, మటోకె గిన్నె తెచ్చి బెంచీ మీద పెట్టారు. మూత తీసినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం మూడింటికి నడవంతా ఖాళీ అయింది. ఎండ కిటికీ చువ్వల్లోంచి పడి గచ్చుమీద గీతలు గీసింది. ఆ గీతల మీద ఎవరో నడిచినట్టు ఒక నీడ అటు నుంచి ఇటు వచ్చింది. నబతంజి తలెత్తింది. ఎవరూ లేరు. నంబోజె మాత్రం ఆ నీడ వెళ్ళిన వైపే, ఎవరినో సాగనంపుతున్నట్టు, నడవ చివరిదాకా కళ్ళు తిప్పింది.

"చూశావా వదినా?" అని అడగబోయి మానుకుంది. ఏ మొహంతో అడుగుతుంది?

ఆరు గంటలకి డాక్టర్ లామును బయటికి వచ్చింది. టోపీ తీసింది. నుదుటిమీద టోపీ అంచు గాడి పడి ఉంది.

"ఉన్నాడు," అంది ముందు.

నబతంజి గోడ పట్టుకుంది.

"కొత్త దారి ముందే వేశాం. మంచిదైంది. కడుపు తెరిచి చెయ్యి పెట్టగానే గడ్డ ఊడిపోయింది. నా రెండు వేళ్ళతో నాళాన్ని వెన్నెముకకి అదిమిపట్టి, పక్కవాళ్ళ చేతులు కుట్టాయి. పేగుకి వేలిగోరంత చిల్లు. కుట్టేశాం. నాళం మొండిని రెండు వరసలు కుట్టి, పేగుల మీది కొవ్వు పొరని దానిచుట్టూ దుప్పటిలా కప్పాం. ఇక ఆ మొండి నిలవాలి. కుళ్ళిన చోట వేసిన కుట్టు అది. రెండు వారాలు గడిస్తే గానీ నేను మాటివ్వను."

"ఆ బట్ట?" అంది నంబోజె. తలుపులు మూసుకున్నాక ఆమె అన్న మొదటి మాట.

"ఏ బట్టమ్మా?"

"లోపల్నుంచి తీసింది. నాకు చూపించండి."

డాక్టరమ్మ ఆమెను కాసేపు పరకాయించి చూసింది. వెనక్కి తిరిగి లోపలికి చెప్పింది. నర్సు ఒక స్టీలు పళ్ళెం తెచ్చి దూరం నుంచే చూపించింది. జానెడు గొట్టం. ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, ఇప్పుడు పసుపూ ఆకుపచ్చా కలిసిన మురికి రంగు. దానిమీద అడ్డంగా, దగ్గర దగ్గరగా, సన్నటి మడతలు.

నంబోజె ముందుకి వంగింది. "సుత్తి గీతలు," అంది గుసగుసగా. "మా వాళ్ళు కొట్టిన బట్టమీద గీతలు ఇలాగే ఉంటాయి. చూడవే, అచ్చం ఇలాగే."

"వంగినా నొక్కుకుపోకుండా అలా మడతలు పెడతారమ్మా," అంది డాక్టరమ్మ. "ఒక ముక్క ఏ క్రిమి పట్టిందో చూడ్డానికి పంపిస్తాం. మిగతాది కాల్చేస్తాం. ఇవ్వడానికి లేదు."

"కాల్చండి," అంది నంబోజె. "వాడికి అది వద్దు."

ఎవరికి వద్దో ఎవరూ అడగలేదు.

ముందు నబతంజిని లోపలికి పంపారు. కియింగి నోట్లో గొట్టం, కళ్ళమీద తడి దూది. తన మొగుడని మెడ మీది పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టాల్సి వచ్చింది. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని అతని పక్కటెముకల పక్కన, చర్మం మీద ఆనించింది. "ఇక్కడ. నొక్కకండి, ఊరికే ఆనించండి."

అరచేతి కింద ఏదో పరుగెత్తుతోంది. చర్మానికీ ఎముకకీ మధ్య, ఉండకూడని చోట, తాడులాంటిదొకటి తుళ్ళి తుళ్ళి పాదాల వైపు పోతోంది. నబతంజి చెయ్యి లాగేసుకుంది. అంతలోనే సిగ్గుపడి మళ్ళీ ఆనించింది. పాదాలు తడిమి చూసింది. వెచ్చగా ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళు పక్కన పడుకున్న ఒంట్లో ఇప్పుడు రక్తం తనకి తెలియని దారిలో నడుస్తోంది. ఆ దారి పొడుగునా అతను తనని క్షమించాడో లేదో ఎవరు చెబుతారు?

* * *

బయటికి వచ్చేసరికి నంబోజె బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి ఉంది. మొహం పాలిపోయింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"వదినా?"

"కూర్చో," అంది నంబోజె. తన పక్కన జాగా చూపించింది. మూరెడు దూరం అక్కర్లేదన్నట్టు.

నబతంజి కూర్చుంది. నంబోజె అంది: "నువ్వు చెప్పి ఉంటే నా తమ్ముడు ఉండేవాడు."

"ఉండేవారేమో."

"ఏమో అనకు. ఏమోల మీద నేను ఎనిమిదేళ్ళు బతికాను." ఆగింది. "నిన్ను తిట్టడానికి నాకు ఓపిక లేదు. రేపు తిడతాను. ఇప్పుడొక సంగతి అడుగుతాను చెప్పు. నేను పిచ్చిదాన్ననుకుంటున్నావు కదా, వాడికి చలేస్తోందనీ, బట్ట అడుగుతున్నాడనీ అంటుంటే?"

"లేదు వదినా."

"అనుకున్నావులే. ఎలా తెలుసో ఎవరికీ చెప్పలేదు. కలలో కాదు. పట్టపగలే. అన్నం తిని చాపమీద వెల్లకిలా పడుకుంటానా, అప్పుడొస్తాడు. కడుపులో, ఇదిగో ఇక్కడ, బొడ్డుకి పైన. సుత్తితో దుంగ మీద బెరడు కొట్టినట్టు, టక్, టక్, టక్. ఆరు నెలలైంది. ముందు మెల్లగా కొట్టేవాడు. ఇప్పుడు పైన వేసుకున్న దుప్పటి కూడా కదులుతుంది. మా నాన్న మాకు నేర్పిన దెబ్బే. వాడు కాక ఇంకెవరు కొడతారే అలా?"

నబతంజి ఆమె పొట్ట వైపు చూసింది. తోబుట్టువులకి, అని రాసి ఉంది ఆ కాగితం మీద. అన్నకి మాత్రమే అని కాదు.

"పడుకో వదినా. ఒక్కసారి."

"ఇక్కడా?"

"పడుకో."

నంబోజె చిన్నపిల్లలా మాట విని బెంచీ మీద వెల్లకిలా పడుకుంది. నడుం కట్టు వదులు చేసి, బక్కచిక్కిన పొట్టమీద, బొడ్డుకి పైన, నబతంజి అరచెయ్యి తేలిగ్గా ఆనించింది.

చెయ్యి లేచింది.

మళ్ళీ లేచింది. పిడికిలంత గుండ్రటి బుడగలాంటిదేదో అడుగు నుంచి ఆమె అరచేతిని పైకి తోస్తోంది, వదులుతోంది, తోస్తోంది.

"తగిలాడా?" అంది నంబోజె, కళ్ళలో ఏదో వెలుగు. "నీ చేతికి కూడా తగిలాడా?"

"అది బావగారు కాదు వదినా."

ఆ ఒక్క మాటతో నంబోజెకి అంతా అర్థమైపోయింది. పొద్దున్నుంచీ విన్నవన్నీ ఒక్కసారే ఆమె మొహంలోకి వచ్చి నిలబడ్డాయి. లేచి కూర్చోబోతే నబతంజి భుజం పట్టి ఆపింది. నడవ చివర డాక్టర్ లామును భుజాన సంచీ తగిలించుకుని, అలిసిపోయిన నడకతో మెట్ల వైపు వెళ్తోంది.

నంబోజె చెయ్యి వచ్చి నబతంజి మణికట్టుని పట్టుకుంది. ఆ ఎండు వేళ్ళలో అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో!

"చెప్పకు. చెబితే నన్నూ కోస్తారు. వాడు లేచేదాకా ఎవరికీ చెప్పకు. రెండు వారాలే కదే! నేను పోతే నాకు బట్ట తెచ్చేవాడు ఆ గదిలో పడి ఉన్నాడే. వాణ్ణి లేవనీ. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క రెండు వారాలు."

డాక్టరమ్మ మొదటి మెట్టు దిగింది.

జీవితంలో ఎన్నడూ ఎవరి ముందూ తల వంచని ఆడబిడ్డ, తన మణికట్టు పట్టుకుని బతిమాలుతోంది. ఇన్నేళ్ళలో తనని అడిగిన ఒక్క సాయం. క్షమ దొరికే దారి కూడా అదొక్కటేనేమో. నబతంజి ఆ కళ్ళలోకి చూసింది. చూస్తూనే, తన గొంతు తనకే కర్కశంగా వినపడేలా, నడవంతా మారుమోగేలా అరిచింది:

"డాక్టరమ్మా!"

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది.

నంబోజె మణికట్టు వదిలేసింది. మొహం గోడ వైపు తిప్పుకుంది.